అమ్మ బిగించిన ఆల్టర్నేటర్

మొన్న వానాకాలం చివర్లో, బెహాలాలో మేముంటున్న అపార్టుమెంటు కింద, మూడో అంతస్తులో ఉండే ఒక పెద్దాయన కారు రెండుసార్లు మూలిగి ఆగిపోయింది. ఆయన దిగి బోనెట్టు ఎత్తాడు. కాలిన రబ్బరూ, వేడెక్కిన రాగితీగా, పాత గ్రీజూ కలిసిన వాసన ఒకటి తడి సిమెంటు నేల మీదుగా నా దగ్గరదాకా వచ్చింది. చేతిలో కూరగాయల సంచీ ఉంది, పైన అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, అయినా అక్కడే నిలబడిపోయాను. మల్లెపూల వాసనో తాటిబెల్లం వాసనో తమకి చిన్నతనాన్ని తెచ్చి చేతిలో పెడుతుందని చాలామంది అంటూంటారు. నాకు ఆ పని చేసేది ఈ వాసనే. నా పదకొండో ఏట, బిశ్వకర్మ పూజ వచ్చిన వారంలో, మూడు రోజులపాటు మా ఇంటినిండా ఇదే వాసన.

అప్పుడు మేం వాట్‌గంజ్‌లో, ఓడరేవు గోడకి ఆనుకుని ఉన్న ఒక సందులో ఉండేవాళ్ళం. తెల్లవారుతూనే రేవులో ఏదో ఒక ఓడ కూత వేసేది, ఆ కూత విని అమ్మ పొయ్యి వెలిగించేది. ఎండాకాలం మధ్యాహ్నాలు గోడకవతల గోదాముల్లోంచి జనపనార బేళ్ళ వాసన, టీ పెట్టెల చెక్క వాసన, ఎండుమిరపకాయల ఘాటు వంతులేసుకున్నట్టు వచ్చేవి. మొదటి వాన పడితే సందంతా మోకాలిలోతు నీళ్ళయ్యేది, మేం తెగిన చెప్పుల్ని ఓడలు చేసి వదిలి, ఎవరిది ముందు మలుపు దాటుతుందా అని అరుగుల మీద కూర్చుని గొంతులు పోయేలా అరిచేవాళ్ళం. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వచ్చి రేవు పనుల్లోనో, కార్పొరేషను పనుల్లోనో కుదురుకున్న తెలుగు కుటుంబాలు ఆ సందులో పదో పన్నెండో ఉండేవి. వాటి మధ్యన బెంగాలీలూ, బీహారీలూ, ఒడియావాళ్ళూ. మా మాట శ్రీకాకుళం ‘ఏటి’తో మొదలై, అన్నా అనే బెంగాలీ ‘దాదా’తో ముగిసేది. ఇలిశ చేపల రోజులొస్తే పక్కింట్లో ఆవపిండితో, మా ఇంట్లో చింతపండు పులుసుతో, ఎదురింట్లో ఏదీ లేకుండా ఉప్పూ పసుపూ రాసి వేపుడుగా వండుకునేవారు. ఆ మూడు వాసనలూ మా మెట్ల దగ్గర కలుసుకునేవి, మేం తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఒంటికాలి మీద ఆగి, ఇవాళ ఎవరింట్లో తినాలో తేల్చుకునేవాళ్ళం.

అన్ని పండగల్లోకీ మా సందుకి సొంతమైన పండగ బిశ్వకర్మ పూజ. బెంగాలీ లెక్కలో భాద్రపదం ముగిసే రోజున వచ్చేది. పది రోజుల ముందునుంచే డాబాల మీద గాజుపొడీ గంజీ కలిపి దారానికి మాంజా పట్టించే పని మొదలయ్యేది, మా వేళ్ళనిండా సన్నటి కోతలు. పండగనాడు ఆకాశంలో కాకికి కూడా చోటుండేది కాదు. ఎవరి గాలిపటం తెగినా చుట్టుపక్కల డాబాలన్నీ ఒక్క గొంతుతో ‘భో కాట్టా’ అని అరిచేవి. కింద రేవు క్రేన్లు ఆగిపోయేవి. అచ్చు ప్రెస్సూ, లేతు మిషనూ, దర్జీ కుట్టుమిషనూ, టాక్సీలూ, చివరికి చెరుకురసం తీసే చక్రం కూడా స్నానం చేసి బంతిపూల దండ వేసుకునేది. పనిముట్లన్నీ దేవుడి ముందు నిద్రపోయే రోజు అది. ఆ రోజు పానా పట్టుకోకూడదు, సుత్తి ఎత్తకూడదు. మా నాన్న ఆ నియమాన్ని తప్పడం నేను చూడలేదు.

నాన్న పేరు అప్పలసూరి. రేవులో క్రేన్ల ఎలక్ట్రీషియను. ఎడమకన్ను పడుచుతనంలోనే ఇనపరజను పడి పోయింది, మిగిలిన కుడికంటితోనే ఆకాశమంత ఎత్తున్న క్రేన్లెక్కి వైర్లు కలిపేవాడు. మాట తక్కువ, చెవి ఎక్కువ. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. ఆ ఏడు శ్రావణంలో ఆ కుడికంటి లోపలి పొర ఊడిపోవడం మొదలైంది. ఆస్పత్రిలో ఆపరేషను చేసి, కట్టు కట్టి, డాక్టరు మూడు మాటలు చెప్పి పంపాడు: వంగకూడదు, బరువెత్తకూడదు, తలకి అదురు తగలకూడదు. తప్పితే ఆ కన్ను కూడా ఉండదు. అలా ఆయన మేడమెట్ల పక్కనున్న పేము కుర్చీలో, మెడ నిటారుగా పెట్టుకుని, నెలరోజుల చీకట్లో కూర్చున్నాడు.

ఇల్లు నడిపింది అమ్మ, అదీ కారుతో. అమ్మ పేరు గౌరమ్మ. అంతకు కొన్నేళ్ళ ముందు అలీపూర్‌లో ఒక తెలుగు బ్యాంకు ఆఫీసరుగారింట్లో వంట చేసేది. ఆ ఇంటి అమ్మగారు డ్రైవింగు నేర్చుకోడానికి ఒంటరిగా వెళ్ళడం ఇష్టంలేక మా అమ్మని తోడుగా వెనకసీట్లో కూర్చోబెట్టుకుని వెళ్ళేవారట. నెల తిరిగేసరికి అమ్మగారు విసుగొచ్చి మానేశారు, వెనకసీట్లో కూర్చున్న మా అమ్మ మాత్రం కళ్ళతోనే సగం నేర్చేసుకుంది. మిగతా సగం అమ్మగారికి నేర్పిన డ్రైవరునే బతిమాలి నేర్చుకుని, లైసెన్సు కూడా తెచ్చుకుంది. వాళ్ళకి బదిలీ అయినప్పుడు, గుండ్రటి ముక్కున్న ఆ పాత తెల్లకారుని అమ్మకే వదిలి వెళ్ళారు. అమ్మ దాంతో పిల్లల్ని బడికి దింపి తెచ్చే పని పెట్టుకుంది. అలాంటి బండిని కలకత్తాలో పూల్‌కారు అంటారు. ముందర ఇద్దరు, వెనక ఆరుగురు, మొత్తం ఎనిమిది మంది. వాళ్ళు అమ్మని ‘గాడీ మాసీ’ అని పిలిచేవారు, అంటే కారు పిన్ని. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కొప్పు బిగించి, ట్రాము పట్టాల మీద చక్రం జారకుండా బండి తిప్పుకుపోయే మా అమ్మని చూడటానికి మొదట్లో టీ దుకాణాల దగ్గర మనుషులు లేచి నిలబడేవారు. తరవాత తరవాత చేతులూపడం మొదలుపెట్టారు.

ఆ శుక్రవారం పొద్దున్న వాన. ఖిదిర్‌పూర్ వంతెన ఎక్కుతుండగా ముందు హారను గొంతు పోయింది, ఆ వెంటనే వైపర్లు నీరసించాయి, వంతెన నడినెత్తిన ఇంజను ఆగిపోయింది. వెనక బస్సులు, లారీలు, తిట్లు. అమ్మ పిల్లల్ని దింపి, ఒకరి చెయ్యి ఒకరికి పట్టించి, చివరి పిల్లాడి చేతికి తన కొంగు ఇచ్చి, వానలో నడిపించి ట్రామెక్కించి బడికి చేర్చింది. గేటు అప్పటికే వేసేశారు. పిల్లల్ని ముప్పావుగంట బయట నిలబెట్టారు. ఆ సాయంత్రం ఇద్దరు పిల్లల తండ్రి, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా నలగని ఒక బెంగాలీ పెద్దమనిషి, మా సందులోకి గొడుగేసుకుని వచ్చాడు. కోపంగా ఏమీ లేడు, ఆయన మర్యాదకే నాకు భయం వేసింది. “బౌదీ, సోమవారంనుంచి పిల్లలకి పరీక్షలు,” అన్నాడు, వదినా అని పిలుస్తూనే. “ఆరున్నరకి మీ బండి మా గుమ్మంలో లేకపోతే వేరే బండి వస్తుంది. మాట్లాడి ఉంచాం. మిగతా ఇళ్ళవాళ్ళూ అదే అనుకుంటున్నారు.”

అమ్మ తల ఊపింది. “ఉంటాది దాదా,” అంది తెలుగులోనే. ఆయనకి అర్థమైంది.

అప్పటికే మలుపులో గరాజున్న భోలాదా కారుని తాడుకట్టి లాక్కొచ్చి మా ఇంటిముందు పెట్టాడు. తన బ్యాటరీ అరువిచ్చి ఇంజను లేపాడు. మీ బ్యాటరీ చచ్చింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. అనుమానంగా ఉంటే ఇప్పుడే చూపిస్తాను, ఇంజను నడుస్తుండగా కేబులు పీకితే తెలిసిపోతుంది అంటూ చెయ్యి పెట్టబోయాడు. పైన వరండాలోంచి నాన్న గొంతు పిడుగులా పడింది.

“భోలా! ముట్టకు! నడస్తన్నప్పుడు కేబులు పీకితే బాగున్నది కూడా మాడిపోతాది!”

భోలాదా చేతులు తుడుచుకున్నాడు. గుడ్డివాడు పైనుంచి మెకానికు పని నేర్పుతున్నాడని చిన్నబుచ్చుకున్నాడు కాబోలు, అయితే మీరే చూసుకోండి, నాకు పూజ పందిరి పనుంది, ఆదివారం పూజ, సోమవారం నిమజ్జనం, మంగళవారంగానీ పానా పట్టను అనేసి వెళ్ళిపోయాడు. వాట్‌గంజ్‌లోనే కాదు, ఆ మూడు రోజులూ కలకత్తా మొత్తంలో ఏ మెకానికు చెప్పే మాటైనా అదే.

అమ్మ మేడెక్కి నాన్న ముందు నిలబడింది.

“ఏటి సెయ్యాలో సెప్పు మావా. నాను సేస్తాను.”

“నీ వల్ల కాదే గౌరీ. అదేటి పప్పురుబ్బడవా?”

“పప్పు రుబ్బడం నీకొచ్చేటి?” అంది అమ్మ. “రాదు కదా. సెప్తే సేస్తావు కదా. అలగే.”

శనివారం పొద్దున్న బ్యాటరీ దుకాణంలో చార్జి చేయించి తెచ్చిన బ్యాటరీని ఎక్కించి పరీక్ష మొదలుపెట్టాం. నాన్న కుర్చీని కిందికి దింపి, కారుకి నాలుగడుగుల దూరంలో గోడకి ఆనించాం. ఆయన ఓల్టులు కొలిచే పసుపుపచ్చ మీటరు నా చేతికిచ్చి, వేళ్ళతో తడిమి దాని చక్రాన్ని సరైన చోటికి తిప్పాడు. ఎర్రముల్లు ప్లస్సు మీద, నల్లముల్లు మైనస్సు మీద పెట్టమన్నాడు. ముళ్ళు జారాయి, అంకెలు గంతులేశాయి.

“గట్టిగా ఒత్తు గుంటా. తుప్పు గీకి, సీసం మెరిసిన సోట పెట్టు.”

పన్నెండు పాయింటు ఆరు. ఇంజను ఆగి ఉన్నప్పుడు అది సరైన లెక్కేనట, అంటే బ్యాటరీ చావలేదు. అమ్మ ఇంజను లేపింది. పద్నాలుగు దగ్గరికి ఎక్కాలి అన్నాడు నాన్న. ఎక్కలేదు. పన్నెండు పాయింటు మూడు. హెడ్‌లైట్లు వెయ్యమన్నాడు. నా కళ్ళముందే అది పదకొండు పాయింటు తొమ్మిదికి దిగింది. నేను చదివిన ప్రతి అంకెకీ నాన్న పెదవి కొరుక్కున్నాడు.

“బ్యాటరీకి తిండి పెట్టేదే పస్తుంటంది,” అన్నాడు. ఇంజను పక్కన బెల్టుతో తిరుగుతూ కరెంటు పుట్టించే గుండ్రటి అల్యూమినియం యంత్రాన్నే ఆయన అలా అన్నాడు. దాని పేరు ఆల్టర్నేటర్ అని నేను నేర్చుకున్నది ఆ పూటే. కానీ నాన్న అంత తొందరగా దానిమీద నేరం మోపలేదు. ఇంజను ఆపించి, బెల్టుని బొటనవేలితో నొక్కించాడు, అర అంగుళం నొక్కుకుంది, పర్వాలేదు. దాని వెనక లావువైరు దగ్గర మీటరు పెట్టించాడు, బ్యాటరీ దగ్గరున్నంతా అక్కడా ఉంది, వైరు తెగలేదు. అప్పుడు అమ్మని అడిగాడు.

“కీ తిప్పితే స్పీడుమీటరు పక్కన ఎర్రదీపం ఎలుగుతందేటి?”

“నేదు. వారం నుంచి ఎలగనేదు. ఎర్రదీపం ఎలగకపోతే అంతా బాగున్నట్టే అనుకున్నాను.”

“ఓలమ్మా,” అన్నాడు నాన్న. “కీ తిప్పగానే ఎలగాల, ఇంజను లేచాక ఆరాల. అసలు ఎలగకపోతే లోపల పేణం నేదన్నట్టు.”

బల్బు మాడిందేమో అని నేనన్నాను. ఆ మాటకి నాన్న ముఖం మొదటిసారి వెలిగింది. ఆల్టర్నేటర్ వెనక సన్నవైరు పీకి, దాని కొసని ఇంజను ఇనుముకి తాకించమన్నాడు. అమ్మ కీ తిప్పింది, నేను తాకించాను. “ఎలిగింది!” అని అమ్మ లోపల్నుంచి అరిచింది. బల్బు బతికే ఉంది, వైరు బతికే ఉంది. మళ్ళీ వైరు తగిలించి, కీ తిప్పి ఉంచి, ఆల్టర్నేటర్ నడుము దగ్గర స్క్రూడ్రైవరు పెట్టి చూడమన్నాడు. లోపలికి కరెంటు పోతుంటే అది అయస్కాంతంలా ఇనుముని లాగాలట. నేను ముందు పెట్టాను, వెనక పెట్టాను, ఊపిరి బిగబట్టి పెట్టాను. లాగలేదు.

“అయితే దాన్ని ఇప్పండి,” అన్నాడు నాన్న.

ముందు బ్యాటరీ మైనస్సు కేబులు తీసి పక్కకి కట్టాం. అమ్మ తన పాత చీరల అంచులు చింపి, ఏ వైరు ఎక్కడిదో మరిచిపోకుండా ఒక్కో వైరుకి ఒక్కో రంగు పీలిక కట్టింది. బెల్టు వదులైంది, పైబోల్టు ఊడింది. కింది పొడుగుబోల్టు మాత్రం పదేళ్ళ తుప్పుతో కరుచుకుపోయి ఉంది. కిరసనాయిలు పోసి, మేం అన్నాలు తినొచ్చేదాకా నాననిచ్చాం. ఎండురొయ్యల ఇగురు, చారు. నాన్నకి ముద్దలు కలిపి చేతిలో పెడుతూ కూడా అమ్మ చూపు మెట్ల కిందికే ఉంది. తిరిగొచ్చి మళ్ళీ పట్టుకుంది. ఒళ్ళంతా బరువేసి లాగుతుంటే పానా జారి, అమ్మ పిడికిలి వెళ్ళి ఇంజను అంచుకి కొట్టుకుంది. నాలుగు వేళ్ళ కణుపుల మీదా చర్మం లేచిపోయింది. అమ్మ అరవలేదు, కానీ పళ్ళ మధ్య గాలి పీల్చిన చప్పుడు నాన్న చెవిన పడింది.

ఆయన లేచాడు. చెయ్యి గాల్లో చాపి, అడుగు తడుముకుంటూ వచ్చి కారు ముక్కు పట్టుకున్నాడు. “పక్కకి తప్పుకోండి,” అన్నాడు. బోనెట్టు కిందికి వంగబోయాడు. నాకు డాక్టరు మూడు మాటలూ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అమ్మ రక్తం కారుతున్న చేతిని ఆయన గుండెల మీద పెట్టి ఆపింది.

“మావా, ఈ బండి పోతే ఇంకో పని సూసుకుంటాను. ఇల్లు తుడుస్తాను, వంట సేస్తాను. ఆ కన్ను పోతే నాను ఏ బజారుకెల్లి తెత్తాను?”

“సూత్తా కూకోమంటావేటి?”

“సూడొద్దు. ఇను. నీకు ఇనడం వొచ్చు కదా.”

అరుగుల మీది ఆడవాళ్ళు మాంజా చుట్టడం ఆపి చూస్తున్నారు. నాన్న చొక్కా మీద అమ్మ వేళ్ళ ఎర్రటి గుర్తులు. కాసేపటికి ఆయన వెనక్కి తడుముకుంటూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. తరవాత గొంతు సవరించుకుని, “మంచం కింద ఇనపగొట్టం ఉంది. పానా పిడికి తొడుగు. పిడి పొడుగైతే బలం పెరుగుతాది,” అన్నాడు.

గొట్టం తెచ్చాను. అమ్మ చేతికి గుడ్డ చుట్టుకుంది. గొట్టం కొసని ఇద్దరం పట్టుకుని, నాన్న “ఇప్పుడు” అన్నప్పుడల్లా వేలాడాం. మూడోసారికి బోల్టు కీచుమని ఏడ్చి కదిలింది. ఆ చప్పుడుకి నాన్న కుర్చీ చేతిని చరిచాడు.

బయటికి తీసిన ఆల్టర్నేటర్‌ని నాన్న ఒళ్ళో పెట్టాం. ఆయన దాన్ని వేళ్ళతో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని, వాసన చూశాడు. బేరింగు గరగర, లోపల తీగ మాడిన కంపు. బాగుచేసి లాభంలేదు, మార్చాల్సిందే అన్నాడు. దాన్ని బియ్యపుసంచిలో వేసుకుని అమ్మా నేనూ మల్లిక్ బజారు వెళ్ళాం. పాత కార్ల సామానంతా అక్కడ దొరుకుతుంది: ఇరుకు వీధికి రెండు పక్కలా తలుపులు, అద్దాలు, స్టీరింగులు, ఊడదీసిన ఇంజన్లు, వాటి మధ్యన టీ గ్లాసులు పట్టుకుని బేరాలాడే మనుషులు. మూడు దుకాణాల్లో లేదన్నారు. నాలుగోదాంట్లో ఒక ముసలాయన అలాంటిదే, బాగుచేసి ఉంచినది, గుడ్డతో తుడిచి ముందు పెట్టాడు. అమ్మ డబ్బు తియ్యలేదు. తిప్పి చూపించమంది. ఆయన నవ్వి, బల్ల మీద మోటారుకి బిగించి తిప్పాడు, బల్బు వెలిగింది. అమ్మ సంచిలోంచి మీటరు తీసి నాకిచ్చింది. ముసలాయన నవ్వు ఆగిపోయింది. పద్నాలుగు పాయింటు ఒకటి అని నేను చదివాక, అమ్మ పాతదాన్ని తీసి కొత్తదాని పక్కన పెట్టి, రెండింటి పుల్లీలనీ వేలితో కొలిచింది. బెల్టు కూర్చునే గాడి కొత్తదానికి వెడల్పుగా ఉంది.

“ఎయ్‌టా హోబె నా, కాకా,” అంది. ఇది కుదరదని.

“బెల్టు మార్చుకోమ్మా, ఏమవుతుంది?” అన్నాడాయన బెంగాలీలో.

అమ్మ కదల్లేదు. నా చెయ్యి పట్టుకుని దుకాణం మెట్టు మీద కూర్చుంది. ముసలాయన ఇంకో ఇద్దరికి సామాను అమ్మి వచ్చి చూశాడు, మేమింకా అక్కడే ఉన్నాం. ఏదో గొణుక్కుంటూ పాతదాని పుల్లీ ఊడదీసి కొత్తదానికి ఎక్కించి ఇచ్చాడు. ఇచ్చాక మాత్రం, ఎవరు నేర్పారమ్మా నీకు అని అడిగి, నాకో బిస్కెట్టు పెట్టాడు.

మేం వచ్చేసరికి దీపాలు పెట్టేవేళయింది. వాన పట్టుకుంది. ఇంట్లో నాన్న ఒక్కడూ మెడ వంచకుండానే నేలమీద తన పనిముట్లన్నీ పరుచుకుని, ఒక్కోదాన్నీ నూనెగుడ్డతో తుడిచి, నెంబరు వేళ్ళతోనే పోల్చుకుని, బిశ్వకర్మ పటం ముందు వరసగా పేర్చేశాడు. పొద్దున్నే పూజ. అమ్మ ఆ వరసనీ, ఆయన్నీ చూసి, చేతిలోని సంచిని గుమ్మం పక్కన దించింది.

ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది, అప్పుడే పదో పరకో గాలిపటాలు లేచాయి. మైకులో డప్పులు, గరాజుల ముందు ధూపం. అమ్మ తలంటు పోసుకుని, బెల్లం బూరెలు వండి నైవేద్యం పెట్టి, అగరొత్తులు వెలిగించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. తరవాత వంగి, బంతిపూలు పక్కకి జరిపి, పదమూడో నెంబరు పానా చేతిలోకి తీసుకుంది. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు.

“గౌరీ,” అన్నాడు నాన్న. “ఇయేళ ముట్టకూడదు. మా అయ్య ముట్టనేదు, నాను ముట్టనేదు.”

“ఆయన కూడా పనోడే కదేటి మావా,” అంది అమ్మ పటం వైపు చూస్తూ. “రేపు పొద్దున్న ఎనిమిది మంది పిల్లలకి పరీక్ష. పనోళ్ళ కష్టం ఆయనకి తెలవకపోతే ఇంకెవులికి తెలుస్తాది?”

మేం మెట్లు దిగుతుంటే వెనకనుంచి నాన్న చెయ్యి గోడని రాసుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. కుర్చీలో కూర్చుని, దీర్ఘంగా ఊపిరి వదిలాడు.

“ముందు కింది పొడుగుబోల్టు దూర్చు. గట్టిగా బిగించకు, ఊగేటట్టు ఒగ్గీ. తరవాత పైది.”

ఆ పూటంతా మా సందులో చేతులాడింది మా ఒక్క గుమ్మంలోనే. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఆగి చూశారు. ఒకావిడ బుగ్గలు నొక్కుకుంది. పూజ పందిట్లోంచి భోలాదా కొత్త చొక్కాలో వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసి వెళ్ళాడు. బెల్టు ఎక్కించి, వెదురుకర్రని ఇంజను పక్కన దూర్చి ఆల్టర్నేటర్‌ని బయటికి నెట్టిపట్టి, నేను బరువేస్తే అమ్మ పైబోల్టు బిగించింది. చీర పీలికల రంగులు చూసుకుంటూ వైర్లు తగిలించాం. లావువైరు నట్టు బిగించి రబ్బరు టోపీ వేశాం. అన్నిటికంటే చివర బ్యాటరీ మైనస్సు. అమ్మ స్టీరింగు ముందు కూర్చుంది. నేను కిటికీలోంచి తల లోపలికి పెట్టాను. కీ తిరిగింది, ఎర్రదీపం వెలిగింది. ఇంజను లేచింది, దీపం ఆరింది.

కానీ వెంటనే బెల్టు చెవులు చిల్లులు పడేలా కీచుమంది. అమ్మ ముఖం పాలిపోయింది. నాన్న మాత్రం నవ్వాడు, ఆపరేషను తరవాత మొదటిసారి. “బెల్టు జారతంది. అంతే. ఆపి ఇంకాసింత లాగండి,” అన్నాడు. లాగి బిగించాం. ఈసారి ఇంజను సాఫీగా నడిచింది. నేను ముళ్ళు పెట్టి చదివాను: పద్నాలుగు పాయింటు ఒకటి. లైట్లు వేస్తే పదమూడు పాయింటు ఎనిమిది.

“మల్లీ సెప్పు,” అన్నాడు నాన్న. మళ్ళీ చెప్పాను. “మల్లీ సెప్పు గుంటా.” మూడోసారి ఇంజను చప్పుడుని మించి అరిచి చెప్పాను. పైన ఎవరిదో గాలిపటం తెగింది కాబోలు, డాబాలన్నీ అరిచాయి. అమ్మ ఇంజను ఆపి, పానాని నీళ్ళతో కడిగి, నూనెతో తుడిచి, తీసుకెళ్ళి మళ్ళీ పూల మధ్యన పెట్టింది.

సోమవారం నన్నూ కారెక్కించుకుంది. ఒళ్ళో మీటరు పెట్టుకుని, ఇద్దరు పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చుని, నేను దారంతా ఆ ఆరిన దీపం వైపే చూశాను. ఆరూ పావుకే ఆ పెద్దమనిషి గుమ్మం ముందు ఆగాం. ఆయన లుంగీతోనే బయటికొచ్చాడు, నలగని చొక్కా లేకుండా ఆయన్ని అదే మొదటిసారి చూడటం. అమ్మ చేతి గుడ్డకట్టు చూసి, ఏమైంది బౌదీ అన్నాడు. ఏం లేదు దాదా, తలుపు సందున పడింది అంది అమ్మ. ఖిదిర్‌పూర్ వంతెన మీద మళ్ళీ వాన అందుకుంది. వైపర్లు చురుగ్గా తిరిగాయి. వెనక ఆరుగురూ ఎక్కాలు వల్లెవేసుకుంటున్నారు. వంతెన దిగాక అమ్మ అవసరం లేకపోయినా ఒకసారి గట్టిగా హారను కొట్టింది.

నాన్న కన్ను నిలిచింది. ఆ శీతాకాలం మళ్ళీ రేవుకెళ్ళాడు, క్రేన్లెక్కించకుండా కింద పని ఇచ్చారు, రిటైరయ్యేదాకా అదే చేశాడు. ఆయన పోయి ఇప్పటికి అయిదేళ్ళు. కారు అంతకు చాలా ముందే తుక్కులోకి వెళ్ళింది. ట్రాములు ఆ దారిలో రావు. వాట్‌గంజ్‌లో మావాళ్ళ ఇళ్ళు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి, కొందరు హౌరా అవతలికి, కొందరు విశాఖపట్నానికి. వాళ్ళ పిల్లలు ఫోనులో నాతో హిందీలో మాట్లాడతారు. బిశ్వకర్మ పూజకి గాలిపటాలు ఇప్పటికీ లేస్తాయి, కానీ కొనుక్కున్న దారంతో. వేళ్ళు కోసుకున్న పిల్లలు నాకెక్కడా కనబడలేదు.

కిందటి పూజకి అమ్మ ఆ వైపు వెళ్దామంది. మోకాళ్ళ నొప్పులతో తను నడపడం మానేసింది కాబట్టి నేనే నడిపాను. మా సందు మొదట్లో ఇప్పుడొక పెద్ద ఇనపగేటు, లోపల ఎనిమిదంతస్తుల భవనం. మా ఇల్లు ఎక్కడుండేదో గోడని బట్టి కూడా పోల్చుకోలేకపోయాను. కాపలా మనిషి కుర్చీలోంచి లేచొచ్చి కిటికీ దగ్గర వంగాడు. “ఎవరి దగ్గరికి వెళ్ళాలి?” అని అడిగాడు. చెప్పడానికి అక్కడ నాకు ఒక్క పేరు కూడా లేదు.

అమ్మ నా మీదుగా ముందుకి వంగింది. “ఎవరి దగ్గరికీ కాదు బాబూ,” అంది చక్కటి బెంగాలీలో. “బండి తిప్పుకుంటాం, అంతే.”

అతను తప్పుకున్నాడు. అమ్మ వెనక్కి తిరిగి, సీటు మీద చెయ్యి వేసి, అద్దంలోంచి చూస్తూ నాకు చెప్పడం మొదలుపెట్టింది. “ఎనక్కి రా. ఇంకా రా. ఇంకాసింత. ఇప్పుడు స్టీరింగు తిప్పెయ్.”